చెవి వైద్యం నేర్చుకోవాలంటే లండన్ కాదు, కర్నూలు రావాలి!

నమస్కారం. నేను చెప్పబోయే మాటకు కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. అయినా డొంకతిరుగుడు లేకుండా మొదటే చెప్పేస్తున్నాను. పేద దేశాల డాక్టర్లకు పిల్లల చెవి జబ్బుల వైద్యం నేర్పించాలంటే వారిని లండన్‌కో అమెరికాకో పంపడం దండగ. వారిని కర్నూలు పెద్దాసుపత్రికి, అనంతపురానికి, కడప రిమ్స్‌కు పంపాలి. నేపాల్ డాక్టరైనా, టాంజానియా డాక్టరైనా, చీము కారే చెవిని చూడటం నేర్చుకోవలసిన చోటు రాయలసీమే.

ఈ మాట ఒకసారి అన్నందుకే నన్ను చాలామంది దులిపేశారు. మన పిల్లల చెవులకే దిక్కు లేనప్పుడు పరాయి దేశాల డాక్టర్లకు పాఠాలు చెప్పడమేమిటని కొందరు అడిగారు. విదేశీ సర్జన్లు వచ్చి క్యాంపులు పెట్టి ఆపరేషన్లు చేసి వెళ్తున్నప్పుడు ఈ గోలంతా ఎందుకని మరికొందరు అడిగారు. ఇద్దరికీ జవాబు చెబుతాను, కానీ నా మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో, చెవిలో దీర్ఘకాలంగా చీము కారే జబ్బుతో ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మంది దాకా బాధపడుతున్నారని, వారిలో 60 శాతం మందికి వినికిడి దెబ్బతిన్నదని రాశారు. అదే నివేదికలో దేశాలను వరుసలుగా విడదీశారు. జనాభాలో 4 శాతానికి మించి ఈ జబ్బున్న వరుసలో భారతదేశం, టాంజానియా, సాలమన్ దీవులు, గ్రీన్‌లాండ్, ఆస్ట్రేలియా ఆదివాసులు ఉన్నారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్న వరుసలో బ్రిటన్, డెన్మార్క్, ఫిన్లాండ్ ఉన్నాయి. ఆస్ట్రేలియా అంతటి డబ్బున్న దేశంలో ఆదివాసీ పిల్లల చెవులు మన ఆదోని పిల్లల చెవుల్లాగే కారుతున్నాయంటే, జబ్బు ఖజానాను చూసి రాదనీ, ఇరుకు ఇళ్లను, ఆలస్యంగా అందే వైద్యాన్ని చూసి వస్తుందనీ అర్థం కావడం లేదా?

ఇప్పుడు చెప్పండి. ఒక శాతం కూడా లేని చోట నేర్చుకోవడానికి వెళ్లిన కుర్ర డాక్టరు ఏం చూస్తాడు? కర్ణభేరి వెనుక నీరు చేరిన పిల్లలకు సన్నటి గొట్టం అమర్చడం చూస్తాడు, ఖరీదైన వినికిడి యంత్రాలు చూస్తాడు. అక్కడి సర్జన్ల చేతి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మూడేళ్లుగా చీము కారుతున్న ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఆ ఆసుపత్రిలో అతనికి ఎవరు చూపిస్తారు? నీళ్లు లేని చోట ఈత నేర్పడం అంటే ఇదే. కర్నూలు ఈఎన్‌టీ ఓపీకి మన జిల్లా పిల్లలే కాదు, గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా వస్తారు. 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాల చూసినన్ని కారే చెవులను ఫిన్లాండ్‌లో ఒక ప్రొఫెసరు తన ఉద్యోగ జీవితమంతా కలిపినా చూడడని పందెం కాస్తాను.

అసలు నేర్చుకోవలసినది ఏమిటో దగ్గరగా చూద్దాం. పెద్దవాళ్లకైతే చెవిడొప్పను పైకీ వెనక్కీ లాగాలి, చిన్నపిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగాలి, అప్పుడే చెవి దారి తిన్నగా కనిపిస్తుంది. చెవి లోపల చూసే దీపపు పరికరం, ఓటోస్కోపు పెడితే ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు రంగులో ఉంటుంది, ముందువైపు కింది భాగంలో వెలుగు మెరుస్తుంది. చిల్లు నడిమి భాగంలో ఉంటే ఒక దారి, పై అంచున తెల్లటి పొరలు పేరుకుని ముక్కు మూసుకోవలసినంత దుర్వాసన వస్తే పూర్తిగా వేరే దారి. ఆ రెండోదాన్ని కొలెస్టియటోమా అంటారు. అది ఎముకను తినేస్తుంది, ముఖం వంకర పోయేలా చేస్తుంది, మెదడులోకి చీము చేరుస్తుంది. దానికి చుక్కల మందు పనికిరాదు, ఆపరేషన్ చేయాల్సిందే. ఈ తేడా కనిపెట్టడం పుస్తకం చదివితే రాదు, రోజుకు పదుల చెవులు చూస్తేనే వస్తుంది.

మొదటి రకానికి చేయవలసిన పని ఎంత చవకో చూడండి. పల్చటి శుభ్రమైన గుడ్డనో గట్టి టిష్యూ కాగితాన్నో వత్తిగా చేసి చెవిలో పెట్టి, తడవగానే తీసి, మళ్లీ కొత్త వత్తి పెట్టి, అది పొడిగా బయటికి వచ్చేదాకా ఓపికగా తుడవాలి. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి చుక్కల మందు వేసి, చెవి రంధ్రానికి ముందున్న మెత్తటి కొసను వేలితో కొద్దిసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. అంతే! మరి మన ఊళ్లో జరుగుతున్నదేమిటి? అవ్వ వేడి వేరుశనగ నూనె పోస్తుంది, ఆర్‌ఎంపీ సూది వేసి సిరప్ రాస్తాడు, పిల్లవాడు ఆదివారం కేసీ కెనాల్‌లో మునుగుతాడు, సోమవారం మళ్లీ చీము. ఆదోని, కోసిగి వైపు అయితే కుటుంబమంతా గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు పోతుంది, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆగిపోతుంది. లండన్‌లో శిక్షణ పొందిన డాక్టరుకు ఈ సుగ్గి సంగతి ఎవరు నేర్పుతారు? తన దేశంలోనూ వలస కూలీల పిల్లలే అతని రోగులు కదా!

అవ్వను తిట్టి లాభం లేదు. నా కోపమంతా చదువు మీద. మన ఎంబీబీఎస్ విద్యార్థి హౌస్ సర్జన్‌గా ఈఎన్‌టీ విభాగంలో గడిపేది రెండు వారాలు. ఆ రెండు వారాల అనుభవంతోనే అతడు పీహెచ్‌సీలో కూర్చుని, తల్లి ఒడిలో ఏడుస్తున్న పిల్లవాడి చెవిలోకి టార్చిలైటు వేసి చూస్తాడు. పుట్టు చెవిటి పిల్లలకు లక్షలు ఖర్చయ్యే కాక్లియర్ ఇంప్లాంటుకు (ఆపరేషన్‌తో అమర్చే వినికిడి పరికరానికి) ఆరోగ్యశ్రీ డబ్బు ఇచ్చింది, మంచిదే, ఆ పథకం 2007లో తొలి విడతగా మొదలైన జిల్లాల్లో మన అనంతపురం కూడా ఉంది. కానీ మన కళ్లెదుటే చెవిటివాడవుతున్న పిల్లవాడికి వత్తి పెట్టే చేతిని తయారు చేయడానికి ఇంత ఉత్సాహం ఎవరూ చూపలేదు.

ఇక్కడే నా సిద్ధాంతం. ఇతరులకు నేర్పవలసి వచ్చిన ఆసుపత్రి తానే బాగుపడుతుంది. కంటి వైద్యాన్ని చూడండి. 1976లో మధురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ ఆసుపత్రికి, 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఎన్నో దేశాల డాక్టర్లు నేర్చుకోవడానికి వచ్చారు. అందువల్ల మన కంటి రోగులకు అన్యాయం జరిగిందా? పల్లె దాకా కంటి కేంద్రాలు వచ్చాయి. కంటికి దక్కిన ఆ గౌరవం చెవికి ఎందుకు దక్కదు? గుడ్డితనం ఎదుటివారికి కనిపిస్తుంది, చెవుడు కనిపించదు, మొద్దబ్బాయి అని పేరు పెట్టి వెనక బెంచీలో కూర్చోబెడతారు, అంతే తేడా. విదేశీ డాక్టరు వస్తున్నాడంటే ఓపీలో చెడిపోయిన ఆడియోమీటరు (వినికిడిని కొలిచే యంత్రం) బాగవుతుంది, మైక్రోస్కోపు మీది దుమ్ము దులుపుతారు, చెవి వెనుక ఎముక మీద డ్రిల్లు పట్టి సాధన చేసే ల్యాబు వస్తుంది. దాని మీద మన పీజీలు కూడా నేర్చుకుంటారు. మన పిల్లల చెవులకు దిక్కు లేదన్నవారికి నా జవాబు ఇదే.

క్యాంపుల సంగతికి వస్తాను. సర్జన్ వచ్చి వారంలో ఎన్ని కర్ణభేరులకు అతుకు వేసినా, అతడు విమానం ఎక్కాక అతుకు ఊడిన చెవిని ఎవరు చూస్తారు? అల్పాదాయ దేశాల్లో 78 శాతం దేశాలకు పది లక్షల జనాభాకు ఒక్క ఈఎన్‌టీ నిపుణుడు కూడా లేడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అలాంటి దేశానికి వచ్చిపోయే సర్జన్ ఏ మూలకు? అక్కడే ఉండే మామూలు డాక్టరుకు, నర్సుకు చెవి చూడటం రావాలి. ఆ సంస్థే 2006లో చెవి సంరక్షణ శిక్షణ పుస్తకాలు తెచ్చి, 2023లో కొత్తగా తిరగరాసింది. పాఠం సిద్ధంగా ఉంది, రోగులు మన దగ్గర ఉన్నారు, వారికి మేలు చేస్తూ నేర్పడమే మిగిలింది.

డబ్బెక్కడిది అంటారా? వర్ధమాన దేశాల వారికి మన ఖర్చుతో శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకాన్ని విదేశాంగ శాఖ 1964 నుంచీ నడుపుతోంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప ఈఎన్‌టీ విభాగాలను కలిపి ఒక కోర్సుగా చూపించి, రాష్ట్ర వైద్య విద్యా శాఖ ఢిల్లీకి ఒక ప్రతిపాదన పంపాలి. మీ ఎమ్మెల్యే, మీ ఎంపీ ఈ వారం ఊళ్లోకి వస్తే, ఆ ఉత్తరం ఎవరు రాస్తారో కెమెరా ముందు అడగండి. ఏ జవాబు వచ్చినా నాకు పంపండి, వచ్చే వీడియోలో పేరుతో సహా చదువుతాను.