అంజనంలో తెల్లచీర

శ్రోతలందరికీ నమస్కారం.

చిత్తూరు దగ్గర నీవా ఏటి పక్కన మాదొక పల్లె. మా నాయిన తాయెత్తులు కట్టేవాడు. ఆయన పోయినాక నేను కట్టినాను. ఇరవై ఏళ్ళు అదే మాకు కూడు పెట్టింది. రాగిరేకు మీద మేకుతో గళ్ళు గీసి, అక్షరాలు చెక్కి, సన్నంగా చుట్టి, మైనంతో మూసి నల్లదారానికి కట్టేవాణ్ణి. అమావాస్య వస్తే మా వాకిట్లో చెప్పులు విడిచేదానికి చోటుండేది కాదు.

ఇప్పుడు నేను ఏసుప్రభువు బిడ్డను. ఎట్లా నమ్ముకున్నానో చెప్పే ముందర అంజనం సంగతి చెప్పాల.

చేతబడి ఎవరు చేసినారో కనిపెట్టేదానికి తమలపాకుకు కాటుక పట్టించి, ఆముదం చుక్క వేసి, ఏడెనిమిదేళ్ళ పిలకాయ చేతికిస్తాం. దీపం వెలుగు ఆకు మీద కదులుతా ఉంటుంది. "ఎవరన్నా కనిపిస్తా ఉండారా నాయినా?" అంటాం. కళ్ళలో నీళ్ళు కారేదాకా చూసి "ఉండారు" అంటాడు. "ఆడమనిషా? తెల్లచీరా? ఇల్లు తూర్పు పక్కనా?" అన్నిటికీ ఊ కొడతాడు. వాడి చేత నేనే పలికిస్తున్నానని నాకు చాలా ఏండ్లు తట్టలేదు. నేనూ నమ్మే చేసినాను.

ఒక ఇంట్లో పిల్లోడు నురగలు కక్కి పడిపోతుంటే నన్ను పిలిచినారు. అంజనంలో తెల్లచీర తేలింది. తూర్పు వీధిలో మొగుడు పోయి ఒంటరిగా ఉండే అక్క ఒకామె ఉండేది. ఆ సాయంత్రం నుంచి బోరింగు కాడ ఆమె బిందె పక్కన ఇంకో బిందె పెట్టిన వాళ్ళు లేరు. కూలికి పిలిచిన వాళ్ళూ లేరు. తొమ్మిదేళ్ళు అట్లే బతికింది.

పిల్లోడికి మాత్రం తగ్గలేదు. వాళ్ళ మేనమామ వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయినాడు. మెదడులో ఉండే సన్న కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చే జబ్బు ఇదని, దీన్ని ఫిట్సు అంటారని డాక్టర్లు చెప్పినారు. రోజూ మాత్రలు వేస్తే ఆగిపోయినాయి. ఫిట్సు వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలకూ ఆగకపోతే 108కి ఫోను చేయండి.

ఆ తరవాత నాకు అన్నం సయించలేదు. తిరుపతిలో మా చిన్నాయన కొడుకు లూథరన్ గుడికి పోయేవాడు. ఈ పక్కల ఆ సంఘం 1860లలో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీల కాలం నాటిది. వాడు పిలిస్తే పోయినాను. ఆ ఆదివారం పాస్టరుగారు బైబిల్లో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివినారు. ఎఫెసు పట్నంలో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందర కాల్చేసినారు. వెల కడితే 50,000 వెండి నాణేలు. ఆ కాలంలో ఒక నాణెం ఒక రోజు కూలి అంటారు. అంటే ఒక మనిషి 137 ఏళ్ళు కష్టపడిన సొమ్ము! దానికి ముందరి వచనమే నన్ను నిద్రపోనీలేదు. నమ్మినవాళ్ళు వచ్చి తాము చేసినవి ఒప్పుకున్నారని ఉంది అక్కడ.

రేకులు, మేకు, అంజనం డబ్బీ ఒక్క పూటలో వదిలించుకున్నాను. ఒప్పుకునేదానికి ఏడాది పట్టింది. భయం కూడా బాప్తిస్మం రోజే పోలేదు. మూడుదార్ల కాడ నిమ్మకాయ కనిపిస్తే కాళ్ళు ఆగిపోయేవి. ప్రభువును తలుచుకొని దాటేవాణ్ణి. అట్లా దాటీ దాటీ ఎప్పుడు పోయిందో తెలీకుండా పోయింది.

మా విశ్వాసులకూ ఒక మాట చెప్పాల. ప్రార్థన చేసిన నూనె సీసా తలకింద పెట్టుకొని మాత్రలు మానేసిన వాళ్ళను చూస్తా ఉండాను. నా రాగిరేకుకూ ఆ సీసాకూ నాకు తేడా కనబడలేదు. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయండి.

ఏడాదికి ఆ అక్క ఇంటికి పోయినాను. గడప బయటే నిలబడి తప్పు చేసినానక్కా అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి చాలాసేపు నా మొహం చూసింది. "నాకు చెప్పి ఏం లాభం అబ్బా? ఊర్లో చెప్పు" అనింది.

రచ్చబండ కాడ చెప్పినాను. సగం మంది మధ్యలోనే లేచిపోయినారు. ఆమె ఇంట్లో రేడియో ఉంది, అందుకని ఇక్కడా చెప్తున్నాను. అక్కా, ఆ బిడ్డకు వచ్చింది ఫిట్సు జబ్బు. నువ్వేమీ చేయలేదు. ఆ తెల్లచీర మాట నా నోట్లోంచే వచ్చింది.