పిల్లల్లో కియారి లోపం: ఎముకతో ఆపాలా, పొరను కూడా తెరవాలా?

[తెరపై: తల, మెడ పక్క నుంచి కనిపించే ఎంఆర్‌ఐ చిత్రం]

బిడ్డ ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘కియారి మాల్‌ఫార్మేషన్, టైప్ 1’ అని ఉండి, కర్నూలులో చూసిన డాక్టరు ఎముక మాత్రమే తొలగిస్తే సరిపోతుందని, హైదరాబాదులో చూసిన మరొకరు లోపలి పొరను కూడా తెరవాలని చెప్పినప్పుడు, ఎవరి మాట వినాలో తెలియక తల్లిదండ్రులు నలిగిపోతారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోనవసరం లేదు. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఏమిటో, మీ బిడ్డ విషయంలో ఏ ప్రశ్నలు అడగాలో ఈ వీడియోలో వివరిస్తాను.

చిన్నమెదడు అడుగున రెండు వైపులా ఉండే కొసలను టాన్సిల్స్ అంటారు. గొంతులోని టాన్సిల్స్‌తో వీటికి సంబంధం లేదు. పుర్రె అడుగున వెన్నుపాము దిగే రంధ్రం గుండా ఈ కొసలు 5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ కిందికి జారితే సాధారణంగా దానిని టైప్ 1 కియారి లోపంగా పరిగణిస్తారు. ఈ లోపాలను 1891లో ప్రేగ్ నగరంలో వర్ణించిన హాన్స్ కియారి పేరే దీనికి స్థిరపడింది. సీసా మూతికి బిరడా బిగించినట్టు ఆ కొసలు రంధ్రాన్ని ఇరుకు చేయడంతో, గుండె కొట్టుకున్నప్పుడల్లా తలకూ వెన్నుకూ మధ్య కదలవలసిన ద్రవానికి దారి చాలదు. కొందరు పిల్లల్లో ఈ కారణంగా వెన్నుపాము లోపలే ద్రవం నిండిన కుహరం ఏర్పడుతుంది. దానిని సిరింక్స్ అంటారు. ఆపరేషన్ ఎంపికలో ఈ సిరింక్స్ ఉందా లేదా అన్నదే అన్నిటికంటే ముఖ్యమని నేను భావిస్తాను.

దగ్గినా, తుమ్మినా, ముక్కినా తల వెనుక భాగంలో నొప్పి లేవడం పెద్ద పిల్లల్లో ప్రధాన లక్షణం. మాట రాని పసివాళ్లు నొప్పిని చెప్పలేరు కాబట్టి, మింగేటప్పుడు పొలమారడం, నిద్రలో గురక, మధ్యమధ్య ఊపిరి ఆగడం వంటివి గమనించాలి. వెన్నెముక పక్కకు వంగిందని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే, అక్కడ తీయించిన ఎంఆర్‌ఐలో సిరింక్స్ బయటపడడం కూడా జరుగుతుంది. ఏ లక్షణమూ లేకుండా, సిరింక్స్ కూడా లేకుండా, వేరే కారణానికి తీసిన స్కానింగ్‌లో అనుకోకుండా కనిపించిన కియారికి ముందుజాగ్రత్త పేరుతో ఆపరేషన్ చేయనవసరం లేదు. అటువంటి బిడ్డను గమనిస్తూ ఉంటే చాలు.

[తెరపై: తల వెనుక ఎముక, మెడలోని మొదటి వెన్నుపూస బొమ్మ]

మొదటి పద్ధతిలో బిడ్డను బోర్లా పడుకోబెట్టి, తల వెనుక నడుమ గీత మీద కోత పెట్టి, రంధ్రం చుట్టూ ఉన్న ఎముకను కొంతమేర, దానితోపాటు మొదటి వెన్నుపూస వెనుక కమానును తొలగిస్తారు. ఎముకను అవసరానికి మించి వెడల్పుగా తీస్తే చిన్నమెదడే కిందికి జారే ప్రమాదం ఉంటుంది కనుక ఇక్కడ కొలత ముఖ్యం. మెదడును కప్పి ఉంచే డ్యూరా అనే గట్టి పొరను తెరవరు. అడ్డంగా బిగుసుకున్న పీచు పట్టీని కోసి వదులు చేస్తారు, కొందరు సర్జన్లు డ్యూరా పై పొరను మాత్రం గీతలుగా కోస్తారు. ద్రవం బయటికి రాదు కాబట్టి ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది, బిడ్డ కోలుకోవడమూ తేలిక.

రెండవ పద్ధతిలో ఎముక తీసిన తరువాత డ్యూరాను కూడా తెరిచి, ఆ చోట ఒక అతుకు వేసి, చుక్క ద్రవం కారకుండా కుట్టి, లోపలి స్థలాన్ని పెంచుతారు. దీనిని డ్యూరాప్లాస్టీ అంటారు. ఆ అతుకును బిడ్డ పుర్రె మీది పొర నుంచే తీసుకోవచ్చు, ఆవు గుండె పైపొరతో తయారైనదో కృత్రిమమైనదో వాడవచ్చు. బిడ్డ సొంత పొరకు విడిగా ఖర్చు ఉండదు. కొనవలసినదైతే, ఎన్టీఆర్ వైద్య సేవ కింద దాని ఖర్చు వస్తుందో రాదో వైద్యమిత్రను ముందే అడగండి. పొర తెరిచినప్పుడు లోపల అతుక్కుపోయిన సన్నని పొరలను విడదీసే వీలుంటుంది, అవసరమైతే టాన్సిల్స్ కొసలను వేడితో కుదించే వీలూ ఉంటుంది. అయితే వాటి పక్కనే మెదడు కాండానికి రక్తం అందించే ధమని సాగుతుంది కనుక, ఈ చివరి పని ప్రతి బిడ్డకూ అలవాటుగా చేయవలసినది కాదు.

ఇక రెండింటినీ పోల్చి చూద్దాం. పిల్లల ఆపరేషన్లపై వచ్చిన అధ్యయనాలను కలిపి 2008లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, డ్యూరాప్లాస్టీ చేసినవారిలో 2.1 శాతం మందికి, ఎముకతో ఆపినవారిలో 12.6 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. ద్రవం కారడం వంటి ఇబ్బందులు మాత్రం డ్యూరాప్లాస్టీ చేసినవారిలో 18.5 శాతం, ఎముకతో ఆపినవారిలో 1.8 శాతం. అంటే పొరను తెరిస్తే ద్రవానికి సంబంధించిన చిక్కులు, తెరవకపోతే రెండవ ఆపరేషన్ అవకాశం పెరుగుతాయి. ఈ అంకెలు వేర్వేరు చోట్ల, వేర్వేరు పిల్లలపై చేసిన పనుల నుంచి వచ్చినవి కాబట్టి మీ బిడ్డకు యథాతథంగా వర్తించవు. దిశను మాత్రం చూపుతాయి.

[తెరపై: వెన్నుపాములో సిరింక్స్ ఉన్న ఎంఆర్‌ఐ]

తలనొప్పి మాత్రమే ఉండి, సిరింక్స్ లేని బిడ్డకు ఎముకతో ఆగే పద్ధతిని ముందు ఆలోచించడం నాకు సమంజసంగా తోస్తుంది. పెద్ద సిరింక్స్ ఉండి, చేతుల్లో బలం తగ్గుతూనో వెన్ను వంపు పెరుగుతూనో ఉన్న బిడ్డకు డ్యూరాప్లాస్టీ వైపే నా మొగ్గు. ఈ రెంటికీ నడుమ ఉన్న పిల్లల్లో, ఎముక తీశాక ఆపరేషన్ గదిలోనే అల్ట్రాసౌండ్ పెట్టి, టాన్సిల్స్ చుట్టూ ద్రవానికి చోటు దొరికిందో లేదో చూసి, పొర తెరవడాన్ని అప్పుడే నిర్ణయించే సర్జన్లు ఉన్నారు. ఏ పద్ధతికైనా ముందు తలలో నీరు చేరిందేమో చూడాలి. హైడ్రోకెఫలస్ ఉంటే మొదట దానికే చికిత్స జరగాలి.

డ్యూరాప్లాస్టీ తరువాత జ్వరం, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, కోత దగ్గర ఉబ్బు లేదా తడి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. కోసిగి, మంత్రాలయం వంటి దూరపు మండలాలవారు ఇంటికి వెళ్లాక ఇబ్బంది వస్తే వెనక్కి చేరడానికి గంటలు పడుతుంది కనుక, కోత మానేవరకు కర్నూలులోనే బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండడం మేలు. సుగ్గికి, అంటే పంట కోతల కూలి పనులకు, గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాలు తదుపరి స్కానింగ్ తేదీని, చేయించవలసిన ఊరిని బయలుదేరే ముందే డాక్టరుతో మాట్లాడి రాయించుకోవాలి, ఆపరేషన్ కాగితాలను, స్కానింగ్ ఫిల్ములను వెంట తీసుకువెళ్లాలి. సిరింక్స్ నెమ్మదిగా తగ్గుతుంది. బిడ్డ లక్షణాలు ముదరకుండా ఉంటే, అది తగ్గలేదని రెండవ ఆపరేషన్‌కు తొందరపడకుండా సాధారణంగా 6 నుంచి 12 నెలలు వేచి చూస్తారు.