ఫ్రాంచైజీ తీసుకోవాలా, వద్దా? బెంగళూరు స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: మారతహళ్లి నుంచి ఒక ప్రేక్షకుడు వచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, ఒక టీ బ్రాండ్ ఫ్రాంచైజీ ఇస్తామంటోందట, అంటే వాళ్ల పేరుతో షాపు నడుపుకోవడం. చెప్పండి.

ప్రేక్షకుడు: 25 లక్షల పెట్టుబడి సార్. 5 నావి, 20 లోను. రాయల్టీ, అంటే బ్రాండు పేరు వాడుకున్నందుకు వాళ్లకి కట్టేది, 6 శాతమే, మిగతాదంతా నాదే అన్నారు. ఉద్యోగం మానకుండా చూసుకుందామని.

ఆడిటర్: ఆ 6 శాతం అమ్మకాల మీద బాబూ, లాభం మీద కాదు. నష్టమొచ్చిన నెల కూడా కట్టాల్సిందే. పైగా రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలుగా ఇలాంటి షాపులు 5 శాతం జీఎస్టీ కిందికి వస్తాయి కాబట్టి, ఆ కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేరు. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. నెలకి 4 లక్షల అమ్మకం అనుకోండి. సరుకు 1,40,000, అద్దె 80,000, జీతాలు 90,000, కరెంటు, గ్యాస్ 25,000, జీఎస్టీతో కలిపి రాయల్టీ 28,320. చేతిలో 36,680 మిగిలింది కదా, 20 లక్షల లోను 11 శాతం వడ్డీకి 5 ఏళ్లకి తీసుకుంటే కిస్తీయే 43 వేలు దాటుతుంది. అంటే ప్రతి నెలా మీ జీతంలోంచి తెచ్చి పొయ్యాలి. ఇందులో ఇంకా స్విగ్గీ, జొమాటో కమిషన్ కలపలేదు.

ప్రేక్షకుడు: అమ్మకాలు 6 లక్షలు ఉంటాయని షీట్ చూపించారు సార్...

ఆడిటర్: ఎవరి షాపు షీటు అది? ఏ ఏరియాలోది?

షాపు యజమాని: (నవ్వుతూ) ఎప్పుడూ బాగా నడిచే షాపుదే చూపిస్తారులే తమ్ముడూ. నేను కె.ఆర్.పురంలో ఒక బ్రాండు షాపు నడుపుతున్నా, పేరు చెప్పను. షాపు బాగానే నడుస్తోంది, కాదనను, బోర్డు చూసి జనం మొదటిరోజే వచ్చారు, సొంత పేరుతో పెట్టుంటే ఏడాది పట్టేది. కానీ టీ పొడి వాళ్ల దగ్గరే కొనాలి. మధ్యలో పొడి రేటు పెంచారు, కప్పు రేటు మాత్రం పెంచుకోనివ్వలేదు. ఇంక నువ్వు ఉద్యోగం మానకుండా అంటున్నావు చూడు, సంక్రాంతికి టీ మాస్టర్ ఊరెళ్లి, కనుమ అయిపోయినా రాకపోతే పొద్దున ఆరింటికి పాలు ఎవరు కాస్తారు? నీ ఆఫీసు కాల్ ఉన్నప్పుడు గల్లాలో ఎవరు కూర్చుంటారు?

వ్యాఖ్యాత: డబ్బు పెట్టండి, మేమే నడుపుతాం, నెలనెలా ఇంత గ్యారంటీ అనేవాళ్లూ ఉన్నారుగా?

లాయర్: ఆ గ్యారంటీ అగ్రిమెంట్‌లో ఉందా, వాట్సాప్ మెసేజ్‌లోనేనా, అది చూడండి ముందు. అమెరికాలో 1979 నుంచీ ఒక రూల్ ఉంది, ఇప్పుడు దాని ప్రకారం సంతకానికి కనీసం 14 రోజుల ముందే కంపెనీ తన వివరాలన్నీ రాతపూర్వకంగా ఇవ్వాలి. మనకి ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ప్రధానంగా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే దిక్కు, కాబట్టి కాగితం మీద ఏముంటే అదే. ఎన్నేళ్లు, మీ చుట్టూ ఎంత దూరం వరకు ఇంకో షాపు ఇవ్వరు, రెన్యువల్‌కి మళ్లీ ఫీజు ఎంత, మానేస్తే మెషీన్లు ఎవరివి, ఇవన్నీ రాయించుకోండి. ఇక్కడ బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి, కంపెనీ పంపిన బోర్డు అలా లేకపోతే మార్చే ఖర్చు ఎవరిదో కూడా.

ఆడిటర్: నకిలీ వెబ్‌సైట్ల గురించి కూడా చెప్పండి మేడమ్.

లాయర్: అవును, అది పెద్ద బెడద. డామినోస్ మన దేశంలో జుబిలంట్ ఫుడ్‌వర్క్స్ చేతిలో ఉంది, షాపులు వాళ్లే నడుపుతారు. ఎవరైనా మీకు డామినోస్ ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అంటే మోసమే.

ప్రేక్షకుడు: మూడేళ్ల తర్వాత మానేసి అదే చోట సొంతంగా టీ షాపు పెట్టుకోవచ్చా?

లాయర్: ఒప్పందం నడుస్తున్నంతకాలం కుదరదు. అయిపోయాక వ్యాపారమే చెయ్యొద్దనే షరతు ఆ కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 కింద సాధారణంగా చెల్లదు. అయితే వాళ్ల పేరు, బోర్డు, రెసిపీ వాడకూడదు.

షాపు యజమాని: నన్నడిగితే ముందు వాళ్ల షాపుల్లో మూతబడినవి వెతుకు తమ్ముడూ. కంపెనీని అడిగితే చెప్పరు, పక్కనున్న పాన్ షాపు వాడిని అడుగు, ఎందుకు మూశారో అంతా చెబుతాడు.

ప్రేక్షకుడు: సరే అక్కా, ఈ ఆదివారం రెండు మూడు షాపులు చూసొస్తాను.

షాపు యజమాని: ఆదివారం అన్నీ నిండుగానే కనిపిస్తాయి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్లు, ఒక గంట కూర్చుని బిల్లులు లెక్కపెట్టు.