బడి వదిలాక మ్యూజియమే ఊళ్లోకి రావాలి

యాంకర్: నమస్కారం. బడి వదిలాక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి మ్యూజియంలూ ఊరి సంఘాలూ కలిసి సైన్స్ నేర్పడం గురించి ఇవాళ శ్రీకాకుళం స్టూడియోలో మాట్లాడుకుందాం. మాస్టారూ, ఇబ్బంది ఎక్కడుంది?

సైన్స్ టీచర్: దూరంలో ఉందండీ. పాత బౌద్ధ స్తూపాల దగ్గర తవ్వకాల్లో దొరికిన వస్తువులుండే శాలిహుండం మ్యూజియం టౌన్‌కి సుమారు 18 కిలోమీటర్లు. సాయంత్రం బడి వదిలాక వెళ్లి చీకటి పడేలోపు ఇంటికి రావడం కుదరని పని. ఏడాదికోసారి బస్సెక్కించి, అద్దాల ముందు వరసలో నడిపించి గబగబా తెచ్చేస్తాం. దాన్ని సైన్స్ అనలేను.

మహిళా సంఘం సభ్యురాలు: ఆడపిల్లల్నైతే అసలు పంపరు. అదే మా సంఘం వాళ్లం దగ్గరుండి దిగబెడతామంటే పంపుతారు. నెలనెలా పొదుపు డబ్బులు మా చేతికే ఇస్తారు కదా, ఆ నమ్మకం.

మ్యూజియం విశ్రాంత ఉద్యోగి: నిజమేనమ్మా. వాళ్లు రాలేకపోతే మనమే వెళ్లాలి. కలకత్తా బిర్లా మ్యూజియం 1965లోనే బస్సులో ప్రదర్శన పెట్టుకుని బడులకి వెళ్లింది. కానీ బస్సొచ్చి వెళ్లిపోతే చాలదు, వారానికి రెండు సాయంత్రాలు ఊరి లైబ్రరీలో అదే పిల్లలతో కూర్చోవాలి. తవ్వకాల్లో దొరికిన అసలు వస్తువులు బయటికి ఇవ్వకూడదు, సరే, ఊరి కుమ్మరి కాల్చిన కుండ పగలగొట్టి పెంకులు చేతికివ్వండి. కొన్ని పెంకుల అంచు చూస్తే పైన ఎరుపు, మధ్యలో నల్లటి చార. కుండలు కాల్చే ఆవంలో గాలి తగిలినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడింది, గాలి అందని లోపల మసి కాలకుండా ఉండిపోయింది. పుస్తకంలో బట్టీపట్టే ఆక్సీకరణం ఇదే కదా!

సైన్స్ టీచర్: మా అరసవల్లి సూర్యదేవాలయం సంగతి చెప్తాను. మార్చిలో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని ఇక్కడ తెలియని పిల్లలు లేరు. రెండుసార్లే ఎందుకూ అంటే మాత్రం మాట్లాడరు. మా యువజన సంఘం కుర్రాళ్లు సెప్టెంబర్ నుంచి వారానికోసారి పొద్దున్నే పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి, ప్రతిసారీ ఒకేచోట నిలబెట్టి, సూర్యుడు లేచే దిక్కుకి సూటిగా పిట్టగోడ మీద సుద్దగీత పెట్టించారు. డిసెంబర్ దాకా గీతలు కుడికి జరిగాయి, ఆ తర్వాత వెనక్కి తిరిగాయి. మార్చిలో ఒకమ్మాయి గీత పెట్టబోయి ఆగిపోయింది. "మాస్టారూ, ఇక్కడ ముందే అక్టోబర్ గీతుంది" అంది. సాయంత్రం క్యాలెండర్ తెచ్చి వాళ్లే లెక్కపెట్టారు, గీతలు వెనక్కి తిరిగిన డిసెంబర్ 21కి అటూ ఇటూ దాదాపు ఎనభయ్యేసి రోజులు.

మహిళా సంఘం సభ్యురాలు: నాదొక మాట. పిల్లల్ని పోగుచెయ్యడానికి మాత్రమే మమ్మల్ని పిలవకండి, ఏం నేర్పాలో అనుకునే రోజే కూర్చోబెట్టండి. ఖద్దరు నేసే పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసే ఆడవాళ్లున్నారు. వాళ్లకంటే బాగా ఎవరు చూపిస్తారు? ఇంకోటి, సాయంత్రానికి పిల్లలు ఆకలితో ఉంటారు. ఉడికించిన శనగలు మేం చూసుకుంటాం.

విశ్రాంత ఉద్యోగి: ఆ దవడని భూతద్దం కింద పెట్టించే పని నాది.

యాంకర్: మరి ఎప్పుడు మొదలు?

మహిళా సంఘం సభ్యురాలు: జూన్‌లో బళ్లు తెరిచిన వారమే.