ఇరుసులోని గేర్లు మార్చకుండా పెద్ద టైర్లు వేస్తే బండికి నిజంగా ఏమవుతుంది?

నమస్కారం. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి పెద్ద టైర్లు వేయించుకున్నవారి నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది. "నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్ళేటప్పుడు మునుపటి కంటే ఆర్పీఎం తక్కువ చూపిస్తోంది, అంటే ఇంజిన్‌కు శ్రమ తగ్గింది, ఇక డీజిలు కూడా మిగులుతుంది" అన్నది ఆ మాట. ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య, తగ్గడం వాస్తవమే. శ్రమ తగ్గిందన్నది మాత్రం తలకిందుల లెక్క. ఎన్నిసార్లు చెప్పినా ఆ లెక్క మళ్ళీ నా ముందుకే వస్తోంది కనుక ఈ వీడియోలో దాని సంగతి తేల్చుకుందాం.

(తెరపై: రెండు టైర్లు పక్కపక్కన, ఎత్తుల కొలతలతో)

2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో 16 అంగుళాల రిమ్ము ఉన్న రకానికి కంపెనీ ఇచ్చిన టైరు 245/75 ఆర్16. దాని ఎత్తు సుమారు 774 మిల్లీమీటర్లు. మనవాళ్ళు ముచ్చటపడి వేయించే 285/75 ఆర్16 ఎత్తు సుమారు 834 మిల్లీమీటర్లు. వాడుకలో ముప్పై మూడు అంగుళాల టైరు అనేది దీన్నే. తేడా 60 మిల్లీమీటర్లు, శాతంలో చెప్పాలంటే 7.75. అయితే బండి నేల నుంచి 60 మిల్లీమీటర్లు లేస్తుందని అనుకోకండి. ఇరుసు చక్రం నడిమధ్యన ఉంటుంది కనుక అది లేచేది అందులో సగం, అంటే 30 మిల్లీమీటర్లే. వేలకు వేలు పోసి సస్పెన్షన్ ఎత్తు పెంచుకున్నా లేచేది బాడీయే తప్ప వెనుక ఇరుసు మధ్యలో పళ్ళచక్రాలను దాచుకున్న డిఫరెన్షియల్ గుండు కాదు. ఆ గుండును రాళ్ళ మీదకు లేపగలిగింది టైరు ఒక్కటే. పెద్ద టైరుకు నేను వ్యతిరేకిని కాకపోవడానికి కారణం అదే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందెం చూడనివారు మన రెండు జిల్లాల్లో ఉండరన్న ధైర్యంతో దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇంజిన్ ఒక చుట్టు తిరగడం అంటే ఎడ్ల జత ఒక అడుగు వేయడం అనుకోండి. ఎడ్లు అవే, వాటి బలం అదే, వెనుక కట్టిన బండ అదే. కానీ ఎవరో వచ్చి, ఇకపై వేసే ప్రతి అడుగూ మునుపటి కంటే ఎనిమిది శాతం పొడవుగా పడాలని షరతు పెట్టారు. అడుగుల సంఖ్య తగ్గుతుంది, నిజమే. కానీ బండ బరువు తగ్గలేదు కదా! ఒక్కో అడుగులో బండను ఎక్కువ దూరం ఈడ్వవలసి వస్తుంది కనుక ఒక్కో అడుగుకు పట్టే శ్రమ పెరుగుతుంది. ఆర్పీఎం ముల్లు మీకు అడుగుల సంఖ్య మాత్రమే చూపిస్తుంది, ఎడ్ల మెడ మీద పడే బరువును చూపించదు.

(తెరపై: క్రౌన్, పినియన్ దగ్గరి నుంచి)

ఆ అడుగు పొడవును కంపెనీవారు ఇరుసులోనే నిర్ణయించి పంపుతారు. పినియన్ అనే చిన్న పళ్ళచక్రానికి 11 పళ్ళు, అది తిప్పే క్రౌన్ అనే పెద్ద చక్రానికి 41 పళ్ళు ఉన్న ఇరుసును తీసుకుంటే నిష్పత్తి 3.73 అవుతుంది, జీప్ ర్యాంగ్లర్‌లలో ఏళ్ళ తరబడి కనిపించిన నిష్పత్తి ఇది. అంటే గేర్‌బాక్సు వైపు నుంచి ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం ఎత్తు 7.75 శాతం పెరిగినప్పుడు, పళ్ళు ఒక్కటి కూడా మారకపోయినా, ఆ ఇరుసు 3.46 నిష్పత్తి ఉన్నదానిలా ప్రవర్తిస్తుంది. ఈ మార్పు ఏదో ఒక గేరుకు పరిమితం కాదు. ఒకటో గేరు నుంచి రివర్స్ దాకా అన్నీ ఒకేసారి బరువెక్కుతాయి. అంకె పెద్దదైతే వేగం ఎక్కువని పొరబడేవారు కూడా ఉన్నారు కనుక చెబుతున్నాను: ఇరుసు నిష్పత్తిలో అంకె పెరిగితే లాగే బలం పెరుగుతుంది, తగ్గితే అడుగు పొడవవుతుంది.

ఈ భారం ముందుగా తెలిసేది క్లచ్‌కు. పందెంలో కదులుతున్న బండను లాగడం కంటే ఆగి ఉన్న బండను కదిలించడం ఎంత కష్టమో మీరు చూసే ఉంటారు. బండి కదిలే ఆ క్షణంలో ఇంజిన్ వేగానికీ చక్రం వేగానికీ పొంతన కుదిరేదాకా క్లచ్ ప్లేటు జారుతూనే ఉంటుంది. మునుపటి ఆర్పీఎంలోనే క్లచ్ వదిలితే, బండిని కదిలించేందుకు ఆ ప్లేటు వేడి రూపంలో మింగవలసిన శక్తి ఎనిమిది శాతం కాదు, దాదాపు 16 శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఆ శక్తి అడుగు పొడవు వర్గంతో పాటు పెరుగుతుంది. వెలిగొండ కొండల్లోని రాతి బాటల మీద ఆగి ఆగి ఎక్కేవారికి క్లచ్ వాసన ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

ఇక డీజిలు మిగులుతుందన్న మాట. అసలు టైర్లతో టాప్ గేరులో 2,000 ఆర్పీఎం దగ్గర నడిచే బండి, అదే నిజమైన వేగానికి పెద్ద టైర్లతో 1,856 దగ్గర నడుస్తుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి మాత్రం తగ్గదు. టైరు బరువు, దాని లోతైన గళ్ళు నేలను పట్టి లాగడం కలిపితే మొత్తం కావలసిన శక్తి పెరుగుతుంది. చదునైన జాతీయ రహదారి 16 మీద ఎదురుగాలి లేనప్పుడు ఎడ్లు పొడవైన అడుగుతో సాగిపోవచ్చు. గాలి ఎదురైనా, వంతెన ఎక్కవలసి వచ్చినా ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఇంకా అందుకోని తక్కువ ఆర్పీఎంలో ఇంజిన్ మూలుగుతుంది, మీరు కింది గేరుకు దిగుతారు, అంటే డబ్బు పెట్టి కొనుక్కున్న చివరి గేరు అలంకారంగా మిగిలిపోతుంది.

పైగా మీటరు కూడా మారుతుంది. అది 80 చూపించేటప్పుడు మీరు నిజానికి 86 వేగంతో వెళుతుంటారు, ఆ వేగంలో గాలి నిరోధం మళ్ళీ దాదాపు 16 శాతం ఎక్కువ. మీరు 1,000 కిలోమీటర్లు తిరిగితే మీటరులో పడేది 928 మాత్రమే, కనుక దాన్ని నమ్మి మైలేజీ లెక్కించేవారికి నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. న్యాయంగా చెప్పాలంటే కంపెనీ మీటర్లు మామూలుగా వేగాన్ని కొంచెం ఎక్కువగానే చూపిస్తాయి కనుక తేడాలో కొంత అక్కడే సర్దుకుంటుంది. జీపీఎస్‌తో పోల్చి చూసుకుంటే ఈ వాదన ఒక పూటలో తేలిపోతుంది.

మరి ఇరుసు గేర్లు మార్చకపోతే కొంప మునుగుతుందా? మునగదు. నా అభిప్రాయంలో 265/75 ఆర్16 దాకా, అంటే నాలుగు శాతం లోపు పెరిగితే, ఇరుసు విప్పించడం డబ్బు దండగ. మైపాడు తీరంలో వదులు ఇసుక మీద పెద్ద టైరులో గాలి తగ్గించి నడిపితే, నేల మీద పరుచుకునే దాని పొడవు మీకు గేర్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. అలాంటి చోట చాలామంది "ఫోర్ హై"లోనే, అంటే నాలుగు చక్రాలూ మామూలు గేర్లతో తిరిగే అమరికలోనే, ఇంజిన్‌ను పీడిస్తారు. నెమ్మదిగా, బలంగా లాగేందుకు ఇచ్చిన "ఫోర్ లో" (4L) అమరిక ఉన్నది ఎందుకు? అది ఎడ్ల అడుగును జిమ్నీలో సగానికి, ర్యాంగ్లర్ రూబికాన్‌లో నాలుగో వంతుకు కుదిస్తుంది. దాని ముందు ఎనిమిది శాతం ఒక లెక్క కాదు. అయితే రోడ్డు మీద "ఫోర్ లో" వాడలేం కనుక, వారమంతా హైవే మీద తిరుగుతూ ముప్పై మూడు అంగుళాల టైర్లు కావాలనేవారు గేర్ల ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

(తెరపై: 41/11, 41/10, 41/9)

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి వేగంగా చెబుతాను. 3.73ను 7.75 శాతం పెంచితే 4.02 వస్తుంది; దానికి దగ్గరగా దొరికేది 41/10, అంటే 4.10. అవసరం లేకుండా 41/9 దాకా వెళ్ళకండి, పినియన్ చిన్నదయ్యే కొద్దీ బలం తగ్గుతుంది. ముందు ఇరుసు, వెనుక ఇరుసు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన వెంటనే, ఇంజిన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది. పళ్ళకు రంగు పూసి ఆనవాలు చూసి అమర్చగల మెకానిక్‌కే ఆ పని అప్పగించండి. మీటరుకు సంకేతం గేర్‌బాక్సు వైపు నుంచి అందే బండ్లలో గేర్లు మార్చగానే అది దారికి వస్తుంది, చక్రాల సెన్సర్ల నుంచి అందే బండ్లలో రాదు, విడిగా సరిచేయించాలి. బ్రేకులు పాతవే కనుక నేల దగ్గర వాటి పట్టు దాదాపు 7 శాతం తగ్గుతుంది, ముందు బండికి దూరం పెంచండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించి ఏమంటుందో కొనకముందే చదవండి, కొన్నాక కాదు. స్టెప్నీని పాత కొలతలోనే వదిలేసి, కొండ మీద పంక్చరైనప్పుడు దాన్ని బిగించి ఫోర్ వీల్‌లో నడిపితే నాలుగు చక్రాలూ సమానమైన అడుగులు వేయవు కనుక, బేరం ఆడేటప్పుడే ఐదు టైర్లకు ఆడండి.