ఫోన్-ఇన్: బాక్సింగ్ పాపకు ఫోటో రోజు

యాంకర్: నిజామాబాద్ నుంచి ఒకమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి: నమస్తే మేడం, సార్‌కు కూడా నమస్తే. మా పాపకు 11 ఏళ్లు, బాక్సింగ్ నేర్చుకుంటోంది. నిఖత్ జరీన్ మా ఊరి అమ్మాయే కదా. 2022లో ఆమె ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి ఇంట్లో ఒకటే గోల. ఆదివారం కోచింగ్ దగ్గర పిల్లలకు విడివిడిగా ఫోటోలు తీస్తారంట. పోయినసారి ఫోటో చూసి ఏడ్చింది సార్.

ఫోటోగ్రాఫర్: ఎందుకమ్మా?

తల్లి: తెల్లగా చేసేశారు. "ఇది నేను కాదు" అని ఫ్రేము తీసుకెళ్లి బీరువా వెనక పడేసింది. పైగా నిలబడింది కూడా తప్పంట, వాళ్ల కోచ్ నవ్వారు.

ఫోటోగ్రాఫర్: పాపది ఎడమచేతి వాటమా?

తల్లి: అవును సార్! మీకెట్ల తెలిసింది?

ఫోటోగ్రాఫర్: మావాళ్లు అందరినీ ఎడమ కాలు ముందుకు పెట్టమంటారు. ఎడమచేతి వాటం వాళ్లకు మామూలుగా కుడి కాలు, కుడి చెయ్యి ముందుంటాయి. రింగులో ఎలా నిలబడుతుందో అలాగే నిలబడమనండి, ఎవరు మార్చమన్నా మార్చొద్దు. హెడ్‌గార్డ్ తీసి చంకలో పెట్టుకోవచ్చు. గ్లౌజులు ఒక ఫోటోకైనా గడ్డం కిందికి దించాలి, లేకపోతే గ్లౌజులకే ఫోటో తీసినట్టుంటుంది. ఇంకొకటి, చేతికి పట్టీ చుట్టుకుంటుండగా తీయమనండి. చూపంతా చేతి మీదే ఉంటుంది, కెమెరా సంగతే మర్చిపోతారు పిల్లలు. నాకైతే అన్నిట్లోకీ ఆ ఫోటోనే ఇష్టం.

యాంకర్: మరి తెల్లగా చేయడం సంగతి?

ఫోటోగ్రాఫర్: రంగు మార్చొద్దని తీసేముందే చెప్పాలి. ప్రింటయ్యాక చెప్తే లాభం లేదు. మా తప్పొక్కటే కాదులెండి, ఇంకొంచెం తెల్లగా చేయమని పోట్లాడే తల్లిదండ్రులనూ చూశాను.

తల్లి: పౌడర్ వేయమంటారా?

ఫోటోగ్రాఫర్: వద్దమ్మా. చెమట అద్దుకోవడానికి పొడి తువ్వాలు చాలు. తలకు నూనె పెడతారా?

తల్లి: రోజూ. వాళ్ల నాయనమ్మ నూనె పెట్టి రెండు జడలు వేస్తది.

ఫోటోగ్రాఫర్: శనివారం తలస్నానం చేయించి, ఆదివారం నూనె లేకుండా జడలేయండి. ఫ్లాష్ పడితే పాపిట పక్కన నూనె తళతళా మెరిసిపోతుంది.

తల్లి: నాయనమ్మ ఒప్పుకోదు సార్.

ఫోటోగ్రాఫర్: ఇంటికొచ్చాక పెట్టమనండి. ఆ రోజు కొంచెం ఎక్కువే పెట్టనివ్వండి.

తల్లి: పాప ఇక్కడే ఉంది, ఏదో అడుగుతదంట.

పాప: సార్, మౌత్‌గార్డ్ పెట్టుకుని నవ్వొచ్చా?

ఫోటోగ్రాఫర్: ఏం రంగుది తల్లీ?

పాప: ఆకుపచ్చ.

ఫోటోగ్రాఫర్: అయితే నోరంతా తెరిచి నవ్వు.