తట్టుకుందా, తప్పించుకుందా?

(గుంటూరులో టమాటా రైతులకు, ఉద్యాన విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మిరప పండించే గుంటూరు రైతుకు ఆకుముడత అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. టమాటాలోనూ ఆకుముడత వైరస్‌ను మోసేది తెల్లదోమే. ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకుంటాయి, అంచులు పసుపెక్కుతాయి, మొక్క గిడసబారి పూత రాలిపోతుంది. నాటిన నెలలోపు సోకిందంటే కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే. సోకాక నయం చేసే మందు లేదు కాబట్టే రకం ఎంపికకు ఇంత విలువ. ఏ రకం దీన్ని నిజంగా తట్టుకుంటుందో చేలో పరీక్షించి తేల్చుకోవడం ఎలాగో ఈరోజు చెబుతాను.

ఒక రకం పచ్చగా ఉంటే చాలు, 'తట్టుకుంది' అనేస్తాం. ఆ ఏడు దోమే రాకపోయి ఉండొచ్చు కదా! అది తేలాలంటే పక్కనే తెగులుకు లొంగిపోయే రకం ఉండాలి. ఈ పనికి పూసా రూబీ బాగుంటుంది. దాన్ని 15 రోజులు ముందుగా చేను చుట్టూ, ప్రతి నాలుగు రకాలకూ ఒక సాలు చొప్పున నాటండి. అందులో 90 శాతం మొక్కలైనా ముడుచుకోకపోతే ఆ సీజను ఫలితాన్ని పక్కన పెట్టేయడమే న్యాయం.

పరీక్షించే రకాల నారు అంతా ఒకే రోజు పోసి, దోమ దూరని సన్న కన్నాల 50 మెష్ వలకింద ప్రోట్రేలలో (గుంతల పళ్లేలలో) పెంచి, 25 రోజులకు 60×45 సెంటీమీటర్ల దూరంలో నాటాలి. రకానికి 20 మొక్కలు, మూడు చోట్ల, ఏది ఎక్కడో చీటీలు తీసి నిర్ణయించండి. గట్టు పక్కన దోమ ఎక్కువ, నడిమడిలో తక్కువ. చీటీ తీయకపోతే ఆ తేడా రకం ఖాతాలో పడుతుంది. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించి ఉందేమో సంచి మీద చదవండి. ఉంటే మొదటి వారాల్లో పనిచేసేది మందే, రకం కాదు. మామూలు సాగులో మంచిదైన మొక్కజొన్న అడ్డుసాళ్లు కూడా ఇక్కడ వద్దు, దోమను ఆపేస్తాయి.

నాటిన 30, 45, 60 రోజులకు మొక్క మొక్కనూ చూసి మార్కు వేయాలి: లక్షణం లేకపోతే 0, పావువంతు ఆకుల్లోపు ముడిస్తే 0.25, సగం దాకా 0.5, ముప్పావు దాకా 0.75, అంతకు మించితే 1. తెగులు సోకిన మొక్కల మార్కుల సగటును, అలా సోకిన మొక్కల శాతంతో గుణించండి. 80 శాతం మొక్కలకు సోకినా సగటు 0.25 అయితే 20 వస్తుంది. 40 శాతానికే సోకి సగటు 0.75 అయితే 30. సోకిన మొక్కలు తక్కువని రెండోదాన్ని మెచ్చుకుంటే పొరపాటే. 9 లోపు వచ్చిన రకాన్ని నిరోధకం అనొచ్చు. 39 దాటితే లొంగిపోయినట్టే.

కంటిని మోసం చేసేవీ ఉన్నాయి. నల్లి పడితే ఆకు కిందికి ముడుస్తుంది. పక్క వరిచేలో కొట్టిన 2,4-డి కలుపుమందు గాలికొస్తే ఆకు సన్నగా సాగి మెలితిరుగుతుంది. తామర పురుగులు తెచ్చే మొవ్వు కుళ్లు వేరే వైరస్. ముడతను తట్టుకునే రకం దానికి పడిపోవచ్చు, కాబట్టి ఆ మొక్కలను విడిగా రాయండి.

బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్, అర్క అభేద్‌లను పరీక్షలో తప్పక చేర్చండి. నిరోధం ఇచ్చే టీవై జన్యువులు అడవి టమాటాల నుంచి వచ్చినవి. టీవై-2 ఒక్కటే ఉన్న రకం కొన్ని ముడత వైరస్‌లను ఆపినా, వాటిలోనే ఒకటైన టమాటా ఆకుముడత న్యూఢిల్లీ వైరస్ ముందు నిలవకపోవచ్చు. టీవై-3 కూడా తోడైతే బలం. అయినా లోపల వైరస్ కొద్దిగా ఉంటూనే ఉంటుంది, దోమ దాన్ని పక్క తోటకు మోస్తుంది. లెక్క తప్పకుండా ఉండాలంటే చివరి మార్కు వేసేదాకా జబ్బు మొక్కలను పీకకండి. కానీ వైరస్ పక్క తోటకు పాకకుండా, మార్కు వేసిన రోజే సాళ్లన్నీ పీకి తగలబెట్టండి.